చూడకుండా చెప్పిన కథ

మా అమ్మాయి ప్రతి నెలాఖరునా తాను చూసిన సినిమాల గురించి తలా నాలుగు ముక్కలు రాసి ఫోన్లో స్నేహితులకు పంపుతుంది. బాగుంది, పరవాలేదు, సగంలో నిద్రొచ్చింది, పాటలప్పుడు లేచి కాఫీ పెట్టుకోవచ్చు, ఇట్లా ఉంటాయి. పోయిన నెల నాకూ చూపించి, "నాన్నా, నువ్వూ రాయి. చిన్నప్పుడు ధర్మపురిలో తెగ చూసేవాడివట కదా," అంది. నవ్వి ఊరుకున్నాను గాని ఆ పూట అన్నం సయించలేదు.

నేనూ ఒకప్పుడు ఒక నెలంతా సినిమాలు చూసి అభిప్రాయాలు చెప్పినవాణ్ణే. మొత్తం ఐదు సినిమాలు. నాలుగింటి గురించి ఉన్నదున్నట్టు చెప్పాను. ఐదోది చూడకుండా చెప్పాను. దానివల్ల ఏం జరిగిందో మా ఇంట్లో అందరికీ తెలుసు. ఎవరి వల్ల జరిగిందో మాత్రం తప్పుగా తెలుసు. ఆ తప్పు దిద్దడానికే ఇది రాస్తున్నాను.

అప్పుడు నాకు పదమూడేళ్ళు. మాది మళిగె అంగడి. పప్పులు, బెల్లం, చింతపండు, మిరపకాయలు అమ్మేవాళ్ళం. ముందు అంగడి, వెనక ఇల్లు. అంగట్లో ఎవరైనా మిరపకాయల మూట విప్పితే వంటింట్లో తుమ్ములు మొదలయ్యేవి. మా పెద్దలు ఎన్ని తరాల కిందట ఈ అరవదేశం వైపు వచ్చారో చెప్పగలిగిన వాళ్ళు లేరు. ఇంట్లో తెలుగు, గడప దాటితే అరవం. తెలుగు మాట్లాడతామే గాని ఆ అక్షరాలు మా ఇంట్లో ఎవరికీ రావు. వదిన వచ్చాకే తెలుగు పుస్తకం అన్నది మా ఇంట్లోకి వచ్చింది.

వదినది కుప్పం. ఆమెకు అరవం రాదు. అంగడికి వచ్చిన వాళ్ళు పలకరిస్తే తల ఊపి లోపలికి పోయేది. కాని సినిమాలంటే ప్రాణం. మాట అర్థం కాని సినిమా ఎట్లా చూస్తుంది? అందుకని మా ఇద్దరికీ ఒక ఒప్పందం కుదిరింది. నేను సినిమా చూసి వచ్చి కథంతా తెలుగులో ఆమెకు చెప్పాలి. కథ తెలిసి కూర్చుంటే ఆమెకు తెర మీద జరిగేది అర్థమయ్యేది. దానికి బదులుగా ఆమె నాకు పలక మీద తెలుగు అక్షరాలు దిద్దించేది.

అసలు మా ఇళ్ళల్లో ఒక పద్ధతి ఉండేది. ఆడవాళ్ళు ఏదైనా సినిమాకు పోవాలంటే ముందు మగపిల్లాడొకడు చూసి వచ్చి, పోదగిన సినిమానా కాదా చెప్పాలి. ఆ వేసవి సెలవుల్లో ఆ పని నాది. శుక్రవారం కొత్త సినిమా పడేది. నేను మాట్నీ చూసి వస్తే, మా అవ్వ సరేనంటే, ఆదివారం మాట్నీకి వదిన పోయేది. తోడు మా చిన్నమ్మ. చిన్నమ్మంటే మా చిన్నాయన భార్య. పెళ్ళయిన నాలుగేళ్ళకే చిన్నాయన పోయాడు. పిల్లల్లేరు. ఇంట్లో బండెడు చాకిరీ చేసేది, ఆమె గొంతు మాత్రం ఎప్పుడో గాని వినిపించేది కాదు.

అప్పుడు వదినకు ఏడో నెల. తొలి కాన్పు పుట్టింట్లో జరగాలి. కాని ఆమెకు తల్లి లేదు. వదినకు ఆరేళ్ళప్పుడు తమ్ముణ్ణి కంటూ ఆ తల్లి పోయింది. అందుకని కాన్పు మా ఇంట్లోనే అనుకున్నారు. ఆ సంగతి తెలిసిన అవ్వ నన్ను మామూలుగా అడిగి వదిలేది కాదు. దేవుడి పటాల ముందు నిలబెట్టి మూడు ప్రశ్నలు వేసేది.

"దెయ్యం ఉండాదా?"

"లేదవ్వా."

"పురుడు పోసేది ఉండాదా?"

"లేదవ్వా."

"తల్లి చచ్చిపోయేది?"

"లేదవ్వా."

"అయితే పోనీ పిల్లను."

మొదటి శుక్రవారం అమ్మవారి సినిమా. నా అభిప్రాయం, పాము బాగా నటించింది, మనుషులు అంతంత మాత్రం. తెర మీద హారతి వెలగగానే ఆడవాళ్ళ వైపు నుంచి ఒకామె పెద్ద కేక పెట్టి జుట్టు విరబోసుకుని ఊగింది. హాలు వాళ్ళు అలవాటైన పనిలాగా వేపమండ తెచ్చి ఆమె చేతిలో పెట్టారు. ఆడవాళ్ళకూ మగవాళ్ళకూ నడుమ గుండె ఎత్తు గోడ ఒకటుండేది. ఆమె ఎక్కడ ఆ గోడ దూకి ఇటు వస్తుందోనని నేను బెంచీ చివరికి జరిగి కూర్చున్నాను. సినిమాకన్నా అదే నాకు ఎక్కువ గుర్తు.

రెండోది నవ్వుల సినిమా. ఒక దొంగ పోలీసు బట్టలు దొంగిలించి, అవి వేసుకుని, తనను వెతికే వాళ్ళతోపాటు తానే వెతుకుతుంటాడు. కథ ఎటో పోయింది గాని నవ్వు ఆగలేదు. ఆదివారం చూసి వచ్చి వదిన రెండు రోజులపాటు తలుచుకుని తలుచుకుని నవ్వింది.

"మెల్లిగా నవ్వే తల్లీ, లోపల బిడ్డ ఉలిక్కిపడతాది," అని అవ్వ.

"ఉలిక్కిపడలేదవ్వా, వాడూ నవ్వుతుండాడు. చెయ్యి పెట్టి చూడు," అని వదిన.

మూడోది కొట్లాటల సినిమా. ఆరు గుళ్ళు పట్టే తుపాకీ ఇరవై సార్లు పేలింది. కథానాయిక పని పాటలు పాడడం, విలన్ చేతికి దొరకడం. చిన్నమ్మ ఆ నెలలో నోరు తెరిచి చెప్పిన అభిప్రాయం ఈ ఒక్క సినిమా గురించే. "అంతమందిని బురదలో ఏసి కొట్టినాడు కదా, ఆ తెల్ల చొక్కా ఎవురు ఉతికినారో కనుక్కోరా. మన ఇంటికి పిలిపిద్దాం," అంది.

నాలుగోది దెయ్యం సినిమా. ఖాళీ బంగళాలో ఉయ్యాల దానంతటదే ఊగేది. తెల్లచీర ఒకటి మెట్లు దిగేది, కింద పాదాలు ఉండేవి కావు. మాట్నీయే అయినా, బయట ఎండ మండిపోతున్నా, రేకుల కింద ఆ చీకట్లో నాకు చెమటలు పట్టాయి. మోకాళ్ళ మధ్య తల పెట్టుకుని సగం సినిమా చెవులతోనే చూశాను. అవ్వ అడిగితే "దెయ్యం ఉండాది" అని నిజమే చెప్పాను. వదిన ముఖం చిన్నబుచ్చుకుంది.

నేను భయపడ్డానని మాత్రం ఎవరికీ చెప్పలేదు. చెబితే ఈ పని మా మేనమామ కొడుక్కి పోతుంది. వాడు కాచుకుని ఉన్నాడు. ఆ వారమంతా పట్టపగలు కూడా పెరట్లోకి ఒంటరిగా పోలేకపోయాను. అంగట్లో నాయన తక్కెడ ఎత్తితే గొలుసు కిర్రుమనేది. ఆ చప్పుడుకు నా వీపు మీద ఏదో పాకినట్టుండేది.

అట్లాంటి వారం గడిచాక ఐదో శుక్రవారం వచ్చింది.

హాలు గోడ మీద కొత్త పోస్టర్ వేశారు. అందులో ఒక మూల నవ్వుతున్న భార్యాభర్తలు. నడుమ ఇనప మంచం, దాని మీద జుట్టు విరబోసుకున్న ఆడమనిషి. కళ్ళు పైకి తిరిగి తెల్లగుడ్లు మాత్రమే కనిపిస్తున్నాయి. అది చూడగానే నాలుగో సినిమా తెల్లచీర గుర్తొచ్చింది. వరసలో నిలబడ్డాను. ముందు ముగ్గురే ఉన్నారు. కిటికీ దగ్గరికి వచ్చేసరికి కాళ్ళు ఆగిపోయాయి. పక్కకు తప్పుకుని పాటల పుస్తకం కొన్నాను. వీధికి అటువైపు చెరకు రసం బండి నీడలో కూర్చున్నాను. గానుగ గంటలు గలగలలాడుతున్నా, హాలు గోడకున్న కంతల్లోంచి లోపలి మాటలు ముక్కలు ముక్కలుగా వినిపించేవి. ఒకసారి ఒక ఆడగొంతు కేక వినిపించింది. ఇక లోపలికి పోయే ఆలోచనే రాలేదు.

అప్పట్లో పాటల పుస్తకంలో మొదటి పేజీ కథ. ఎప్పుడూ సగం కథే. ఇందులో, అనుమానంతో భర్త అన్న మాటకు భార్య ఇల్లు వదిలి పోతుంది. భర్త పశ్చాత్తాపపడి వెతుకుతాడు. ఆమె దొరికిందా? ఆ ఇంట దీపం వెలిగిందా? మిగతాది వెండితెర మీద చూడండి, అని ముగించారు. ఆ పేజీ నాలుగుసార్లు చదివి, మిగతాది నేనే కల్పించాను.

ఆ సాయంత్రం అవ్వకు మూడు ప్రశ్నలకూ లేదని చెప్పాను. "కడాన ఏమైతాది?" అని అవ్వ కొత్తగా నాలుగోది అడిగింది.

"ఆమె తిరిగొస్తాదవ్వా. అందరూ కూర్చోని పాయసం తాగుతారు."

వదినకు కథంతా చెప్పాను. భర్త ఊరూరా వెతకడం, జాతరలో ఆమె కనిపించడం, కాళ్ళ మీద పడబోతే ఆమె పట్టుకోవడం. నేను చెబుతుంటే ఆమె కళ్ళు తుడుచుకుంది. ఆ పాటలు అప్పటికే రేడియోలో విని ఉంది. "ఇంత మంచి కత ఇన్ని రోజులకు చెప్పినావు," అంది. అంతకుముందు చెప్పిన నాలుగు నిజం కథలకూ ఆ మెప్పు రాలేదు.

ఆదివారం వదిన, చిన్నమ్మ జట్కాలో వెళ్ళారు. నేను వెనక నడిచి పోయాను. వాళ్ళు ఆడవాళ్ళ వైపు, నేను మగవాళ్ళ వైపు. నడుమ ఆ గోడ. వాళ్ళతోపాటు నేనూ మొదటిసారి ఆ సినిమా చూస్తున్నాను.

పావు గంటలో అర్థమైంది, అది దెయ్యం సినిమా కాదని. ఊపిరి పీల్చుకున్నాను. ఆ తర్వాత కథానాయిక వాకిట్లో కళ్ళు తిరిగి పడింది. పక్కింటి ముసలామె చెయ్యి పట్టి చూసి నవ్వింది. హాల్లో ఆడవాళ్ళంతా నవ్వారు. పోస్టర్ మీది ఇనప మంచం ఏమిటో అప్పుడు తెలిసింది.

ఇంటర్వెల్ ఇచ్చారు. గోడ దగ్గరికి పోయి పిలిస్తే చాలు. "లెయ్యి వదినా, ఇంటికి పోదాం" అంటే చాలు. కాని ఎందుకని అడుగుతారు. చూశానని అబద్ధం చెప్పినట్టు తెలిసిపోతుంది. మా నాయన దేన్నైనా క్షమిస్తాడు గాని అబద్ధాన్ని క్షమించడు. దానికి ఒక చింతబరికె గూట్లో ఎప్పుడూ ఉండేది. నేను సోడా బండి వెనక్కి పోయి, లైట్లు ఆరేదాకా అక్కడే దాక్కున్నాను.

తర్వాత సగంలో ఆ భార్య ఒంటరిగా ఊరు కాని ఊళ్ళో ఆస్పత్రికి చేరుతుంది. ఇనప మంచం. పైన వేలాడే దీపం. ముఖానికి గుడ్డ కట్టుకున్న డాక్టరు. ఆమె పెట్టే కేకలు నేను చెరకు బండి దగ్గర విన్నవే. చివరికి బిడ్డ ఏడుపు వినిపించింది. దీపం మెల్లగా మసకబారింది. ఎవరో ఆమె ముఖం మీదికి దుప్పటి లాగారు. ఆడవాళ్ళ వైపు నుంచి ఏడుపులు వినిపిస్తున్నాయి. అందులో మా వదినది ఏదో తెలుసుకోవాలని చెవులు రిక్కించాను. తెలియలేదు.

ఇంటికి వచ్చాక వదిన గదిలోకి పోయి గోడ వైపు తిరిగి పడుకుంది. కాఫీ ఇస్తే తాగలేదు. అవ్వ చిన్నమ్మ నోట ఏం జరిగిందో రాబట్టి, నన్ను దేవుడి పటాల ముందుకు పిలిచింది. నాయన కూడా అంగడి నుంచి లోపలికి వచ్చాడు.

"పురుడు లేదన్నావు కదరా? తల్లి చావలేదన్నావు కదరా? చూసినావా, చూడలేదా?"

నాయన చెయ్యి గూటి వైపు పోవడం చూశాను. నోట్లోంచి మాట దానంతటదే వచ్చింది.

"చూసినానవ్వా. నీకు చెప్పడం మరిచిపోయినా, చిన్నమ్మకు చెప్పినా. రెండో సగంలో అట్లాంటిది ఉండాది, ఇంటర్వెల్‌లోనే వదినను పిలుచుకోని వచ్చెయ్యమని చెప్పినా."

అవ్వ చిన్నమ్మ వైపు తిరిగింది. "చెప్పినాడా?"

చిన్నమ్మ నన్ను చూసింది. ఆ చూపు నేను వర్ణించలేను, వర్ణించకూడదు కూడా. నా తల వంగిపోయింది.

"చెప్పినాడత్తా. నాకే జ్ఞాపకం లేదు," అంది.

ఆ రోజు నుంచి ఇంట్లో రెండు భయాలు. వదిన భయం ఒకటి. నా భయం ఇంకొకటి. చిన్నమ్మ ఎప్పుడో ఒకనాడు ఆ మాట వెనక్కి తీసుకుంటుందని నేను రోజూ ఎదురుచూశాను. ఆమె నాకు అన్నం వడ్డించేటప్పుడు తల ఎత్తేవాణ్ణి కాదు. నా కంచంలో నెయ్యి అదే పాళంలో పడేది.

వదిన మటుకు ఒకే మాట పట్టుకుంది. "ఆస్పత్రికి పోను. ఆ మంచం ఎక్కితే దిగేది లేదు." అన్న బతిమాలాడు. అవ్వ మొక్కులు మొక్కింది. ఊళ్ళో పెద్దాస్పత్రి ఉన్నా, ఆ పేరు ఎత్తితేనే వదిన పళ్ళు బిగుసుకునేవి. నేను ఎదురుపడితే కథ అడగడం మానేసింది. నేను చెప్పడమూ మానేశాను.

నొప్పులు మొదలైనప్పుడు మంత్రసానిని పిలిపించారు. ఒక పగలు గడిచింది. వాము, వెల్లుల్లి వేయించిన వాసన ఇల్లంతా. నేను అంగట్లో బస్తాల మధ్య కూర్చుని రెండు చెవుల్లో వేళ్ళు పెట్టుకున్నాను. రెండో రోజు మధ్యాహ్నం మంత్రసాని బయటికి వచ్చి, ఇక నా వల్ల కాదంది. పాలకోడు సంతకు టమాటాలు తోలే టెంపో ఒకటి వీధిలో ఉంటే, అన్న దాని గంపలు దించేసి వదినను ఎక్కించాడు. ఆమెకు వద్దనే ఓపిక కూడా లేదు.

ఆడపిల్ల. ఊపిరి లేకుండానే పుట్టింది. వదిన బతికింది. ఆస్పత్రిలో డాక్టరమ్మ అరవంలో అన్నను తిట్టిన తిట్లలో ఒకటే నాకు గుర్తుంది, నిన్న తెచ్చుంటే ఇద్దరూ ఉండేవాళ్ళు కదా అని.

నిన్న ఎందుకు తేలేదు? వదిన రానంది. ఎందుకు రానంది? సినిమా చూసి. సినిమా ఎవరు చూపించారు? వెనక్కి వెనక్కి పోయి ఇంట్లో వాళ్ళ ప్రశ్న చిన్నమ్మ దగ్గర ఆగింది. ఇంకొక్క అడుగు వేస్తే నా దగ్గరికి వచ్చేది.

"మొగుణ్ణి మింగినదాన్ని కడుపుతో ఉండే పిల్లకు తోడు పంపించినానే," అని అవ్వ తల కొట్టుకుంది. మా అమ్మ కూడా కాదనలేదు. నెల తిరిగేలోగా చిన్నమ్మను పాలకోడులో ఆమె అన్న ఇంటికి పంపించేశారు. రేకు పెట్టె బస్సు దాకా మోసింది నేనే. దారి పొడుగునా ఇప్పుడు అడుగుతుంది, ఇప్పుడు అడుగుతుంది అనుకుంటూనే నడిచాను. బస్సు ఎక్కి కిటికీ పక్కన కూర్చుని, "వదినకు కతలు చెప్పడం మానొద్దురా. ఆ పిల్లకు ఇంగెవురుండారు మాట్లాడేదానికి," అంది. అంతే.

పెద్దయ్యాక ఒకసారి సరుకు కోసం పాలకోడు పోయి ఆమెను చూశాను. సంగటి, టమాటా పప్పు పెట్టింది. "మంచి పడం ఏమన్నా వచ్చినాదా?" అని అడిగింది. పడమంటే సినిమా. ఆమె దానికి పోయి పదేళ్ళు దాటిందట. ఆ రోజు చెప్పి ఉండవచ్చు. ఇంట్లో ఇంకెవరూ లేరు. చెయ్యి కడుక్కుని వచ్చేశాను. ఆ మరుసటి ఏడు ఆమె పోయింది.

వదినకు తర్వాత ఒక కొడుకు పుట్టాడు. ఇప్పుడు ఆమెకు మోకాళ్ళ నొప్పులు. మా అమ్మాయి నన్ను రాయమన్న వారానికి వదిన ఇంటికి వెళ్ళాను. వసారాలో కూర్చుని అనపకాయల్లోంచి గింజలు ఒలుస్తోంది. నేనూ ఒక గుప్పెడు తీసుకుని ఒలుస్తూ అంతా చెప్పేశాను. చెరకు బండి దగ్గర కూర్చోవడం, పాటల పుస్తకం, చిన్నమ్మ మీద వేసిన అబద్ధం.

ఆమె చేతులు ఆగలేదు.

"నువ్వు చూడలేదని నాకు ఇంటర్వెల్‌కే తెల్సురా. నువ్వు చెప్పిన కతలో జాతర ఉండింది. పడంలో ఆ పిల్ల కడుపుతో ఉండింది."

"మరి లేచి రాలేదేం వదినా?"

"చిన్నత్త లేచింది. 'వాడు ఈ పడం చూడలేదు పాపా. చూసుంటే మనల్ని పంపించేవాడు కాదు. లెయ్యి, పోదాం' అనింది. చెయ్యి పట్టుకోని లాగింది. నేనే రానన్నాను."

నేను ఒలవడం ఆపేశాను.

"మా అమ్మ పోయిన రోజు నన్ను బయట పెట్టి తలుపు ఏసేసినారు. ఆరేండ్ల పిల్లను. లోపల ఏం జరిగిందో నాకు ఎవురూ చెప్పలేదు. ఇప్పుడన్నా చూడాలనుకున్నాను. చూసినాను." ఒలిచిన గింజలు చేటలో వేసింది. "బిడ్డ పోయినాక, నేనే కావాలని కూర్చోని చూసినానని ఎట్ల చెప్పేది? చిన్నత్తను ఊరికి పంపించేటప్పుడు కూడా నా గదిలోనే పడుకోనుండాను. నోరు తెరవలేదు."

"చిన్నమ్మ మరి?"

"నన్ను ఒదిలేసి పోలేదు. పక్కనే కూర్చునింది. ఆ ఆస్పత్రి కాడికి వచ్చేతలికి నా కండ్లు మూయబోయింది, నేను తోసేసినాను. అప్పుడు రెండు చేతులతో నా చెవులు మూసింది. పడం అయ్యేదాకా అట్లనే పట్టుకోనుండింది."

మా ఇంటి పిల్లలకు చిన్నమ్మ ముఖం తెలియదు. కడుపుతో ఉన్న కోడలిని చూడరాని సినిమాకు తీసుకుపోయిన ఆమె అనే తెలుసు. వచ్చే ఆదివారం అందరూ వదిన ఇంటికి భోజనానికి వస్తున్నారు. ఈ కాగితాలు అక్కడ నేను చదవాలి. చదివాక తన వంతు తానే చెప్తానంది వదిన.